చూపు తగ్గుతున్న అమ్మ కోసం ఇల్లు కడుతున్నాం: వెలుతురు, నేల, గోడల విషయంలో సలహా కావాలి

పొందూరు పిల్ల:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. ఉద్యోగరీత్యా నేను విజయనగరంలో ఉంటున్నాను, టీచర్‌ని. ఊళ్ళో మా పాత పెంకుటిల్లు హుద్‌హుద్ తుఫానుకి సగం పెంకు ఎగిరిపోయి, అప్పట్నుంచి అతుకులతోనే నడుస్తోంది. ఇక లాభం లేదని అదే స్థలంలో కొత్తిల్లు మొదలుపెడుతున్నాం. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల లోతు, అంటే 150 గజాలు. వీధి తూర్పున ఉంది. ఉత్తరాన, దక్షిణాన పక్కవాళ్ళ గోడలు మా హద్దుకి ఆనుకునే ఉన్నాయి. కాబట్టి వెలుతురు రావాలంటే వీధి వైపు నుంచో, పెరటి నుంచో రావాలి. లేదంటే పైనుంచి.

ఇల్లు అమ్మ కోసం. అమ్మకి 66 ఏళ్ళు. నీటికాసులు (గ్లకోమా). ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది గానీ పక్కచూపు చాలావరకు పోయింది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కల మందు మానకూడదని డాక్టరుగారు చెప్పారు.

అమ్మ గురించి ఇంకొకటి చెప్పాలి. పెళ్ళయి ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ నూలు వడికింది. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, వెంట్రుక కన్నా సన్నంగా దారం తీసేది. ఇప్పటికీ నూలుపోగు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని ఒకసారి దొర్లిస్తే చాలు, వంద కౌంటు సన్నదనమో కాదో చెప్పేస్తుంది. కళ్ళు మొరాయించాక ఇల్లంతా ఆ వేళ్ళతోనే, అరికాళ్ళతోనే చూసుకుంటోంది. సాయంత్రం లైటు వెయ్యకుండానే పెరట్లోకి వెళ్ళొస్తుంది. ఒకసారి వెనకాలే నడిచి గమనించాను. ముందుగదిలో నున్నటి గచ్చు, దాని తర్వాత చెక్క గడప, దాటగానే పేడ అలికిన వంటింటి నేల, తలుపు దగ్గర మోకాలి ఎత్తున గోడలో ఒక సొట్ట. చెయ్యి ఆ సొట్టకి తగలగానే కుడివైపు తిరుగుతుంది. ఈ ఇల్లు పడగొడితే అమ్మ దగ్గరున్న పటం చింపేసినట్టే అవుతుందని నాకు టెన్షన్‌గా ఉంది.

కిందటేడు తమ్ముడి ఫ్లాట్‌లో నెల రోజులు ఉంది. తెల్లటి మెరుపు టైల్స్. పొద్దున్నే బాల్కనీ వెలుతురు ఆ నేల మీద పడి తళతళలాడుతుంటే నీళ్ళు ఒలికాయనుకుని ఆగిపోయేది. హాలుకీ బాల్కనీకీ మధ్య అంగుళంన్నర దిగుడు ఉంది, రెండు వైపులా అదే రంగు. అక్కడే పడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

ఇప్పుడు మాకు ప్లాను గీసిన ఇంజనీరుగారు కూడా ఇల్లంతా మెరిసే టైల్సే అంటున్నారు. ప్లానులో మధ్య నడవా 12 అడుగులు, దానికి ఒక్క కిటికీ లేదు. అడిగితే ఎల్‌ఈడీ లైట్లు పెట్టుకుంటే సరిపోతుంది కదమ్మా అన్నారు. నడిమధ్య చిన్న వాకిలి వదులుదామంటే స్థలం వృథా అంటున్నారు. నాకు ఇల్లంతా సమానంగా పరుచుకునే వెలుతురు కావాలి, కళ్ళలో పొడిచేది కాదు. నేల, గోడ అమ్మ చేతికీ కాలికీ ఏ గదిలో ఉందో చెప్పేలా ఉండాలి. ఇంత చిన్న స్థలంలో ఇది కుదిరే పనేనా? చేసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.

విజయనగరం సివిల్:

అమ్మా, కుదురుతుంది. స్థలం వృథా అన్నమాట ఒప్పుకోను. కిటికీ లేని 12 అడుగుల నడవానే అసలు వృథా.

మన వైపు ఎండ ఎలా వస్తుందో ముందు చెబుతాను, మిగతాదంతా దాన్నిబట్టే. మనం దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం. మే రెండో వారంలో, మళ్ళీ జులై చివర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదకి వస్తాడు. ఆ రెండింటి మధ్య రోజుల్లో కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. డిసెంబరులో మధ్యాహ్నం కూడా దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు.

మీరు నడిమి వాకిలిని ఉత్తరపు హద్దుగోడకి ఆనించి పెట్టండి. తూర్పు పడమరలు 8 అడుగులు, ఉత్తర దక్షిణాలు 6 అడుగులు చాలు. దానికి దక్షిణాన మీ హాలు స్లాబు ఉంటుంది. డిసెంబరు మధ్యాహ్నం ఎండ ఆ స్లాబు అంచు మీదుగా వస్తూ, అడ్డంగా ప్రతి అడుగుకీ సుమారు 1.1 అడుగులు కిందికి దిగుతుంది. ఆరడుగులు దాటేసరికి ఆరున్నర అడుగుల పైచిలుకు దిగి మీ ఉత్తరపు గోడ మీద పడుతుంది. స్లాబు పైభాగం 10.5 అడుగుల ఎత్తులో ఉండి, దాని మీద మూడడుగుల ఇటుక పిట్టగోడ కట్టారనుకోండి, చలికాలం ఎండ గోడ మీద ఏడడుగుల ఎత్తు దగ్గరే ఆగిపోతుంది. అదే చోట పిట్టగోడకి బదులు ఇనుప రెయిలింగ్ పెడితే నాలుగడుగుల వరకు దిగుతుంది. అక్కడ పిట్టగోడ ఇటుకతో కట్టొద్దని మేస్త్రికి ముందే చెప్పండి, స్లాబు రోజున చెబితే ఎవరూ వినరు. రేపు మేడ మీద గది వేసినా ఆ వైపు వెయ్యకండి.

అంటే చలికాలం నెలల్లో వాకిలి నేల మీద నేరుగా ఎండ పడదు. ఉత్తరపు గోడ మీద పడి, అక్కడి నుంచి ఇంట్లోకి చిమ్ముతుంది. మీ దీపం ఆ గోడే. దానికి నున్నటి పెయింటు వేస్తే అది కూడా టైల్స్‌లాగే కంట్లో కొడుతుంది. ఇసుక కలిపిన సున్నపు పూత వేసి, చెక్కతాపీతో గరుకుగా వదిలెయ్యండి. గరుకు గోడ వెలుతురుని ఒకవైపుకి విసరదు, అన్ని వైపులకీ పరుస్తుంది.

తూర్పు వైపు వేరే సంగతి. అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి 9, 10, 11 తేదీల్లో, అక్టోబరు 1, 2, 3 తేదీల్లో పొద్దుటి కిరణం లోపలున్న స్వామి పాదాల దాకా వెళ్తుందంటే, ఆ వేళకి ఎండ దాదాపు నేలబారుగా వస్తుందన్నమాట. నేలబారు ఎండని ఏ సజ్జా ఆపలేదు. రెండడుగుల సజ్జ వేయించి సరిపోయిందనుకుంటారు, ఆరున్నరకి అది సోఫా దాకా వచ్చేస్తుంది. అక్కడ మీకు లోతైన వరండా కావాలి, కనీసం ఆరడుగులు. దాని ముఖాన సగం వెడల్పుకి ఇటుక జాలీ గోడ.

కిటికీల లెక్క కూడా చూసుకోండి. మన తేమ వాతావరణానికి నేషనల్ బిల్డింగ్ కోడ్ గది నేల వైశాల్యంలో ఆరో వంతు తెరుపు ఉండాలంటుంది. 12 బై 10 గదికి 20 చదరపు అడుగులు, అంటే 5 బై 4 కిటికీ. చాలా ప్లానుల్లో అలవాటుగా 3 బై 4 గీసేస్తారు. మీదాన్లో ఎంతుందో ఒకసారి కొలవండి.

ఆమదాలవలస రాజు:

సివిల్ గారు చెప్పినదంతా బాగుంది గానీ మండువా లోగిలి అనగానే నాకు గుర్తొచ్చేది దిగుడు. మా తాతగారింట్లో వాకిలి అడుగు లోతు ఉండేది, వాన నీళ్ళు ఇంట్లోకి రాకుండా. చూపు లేని మనిషికి ఇంటి నడిబొడ్డున అడుగు గొయ్యి పెడతారా? ఈ ఒక్కటీ తేల్చుకోకుండా ముందుకెళ్ళకండి. తుఫాను వానకి నాలుగంగుళాల పైపు ఒకటి పెట్టి ఊరుకుంటే కూడా మునుగుతారు. ఒక ఆకు అడ్డుపడితే చాలు. రెండు పైపులు పెట్టండి, రెండు వేర్వేరు మూలల్లో. కోతులకి పైన గ్రిల్ ఎలాగూ తప్పదు.

విజయనగరం సివిల్:

రాజు గారూ, మంచి మాట అన్నారు. అది నేను రాయాల్సింది. వాకిలి నేలని లోపలి నేలకన్నా ఒక్క అంగుళం తగ్గించి, చుట్టూ కాలువ తీసి దాని మీద రాతి పలకల జల్లెడ మూత వెయ్యొచ్చు. మూత పైభాగం వాకిలి నేలతో సమంగా ఉండాలి. దానికి తోడు వాకిలి అంచున 16 అంగుళాల ఎత్తు అరుగు కట్టి ఒక్కచోటే దారి వదిలితే, అమ్మగారి మోకాలికి అరుగు ముందే తగులుతుంది, కూర్చోడానికీ పనికొస్తుంది.

బొబ్బిలి కోడలు:

చెల్లెమ్మా, మా మామగారికీ ఇదే జబ్బు, తొమ్మిదేళ్ళుగా చూసుకుంటున్నాను. నాకు ఇంజనీరింగు తెలీదు, ఇంట్లో జరిగేది తెలుసు.

వెలుతురు ఎంతుందన్నదానికంటే ఒక గదికీ పక్క గదికీ మధ్య తేడా ఎంతుందన్నది ముఖ్యం. మామగారు ఎండలోంచి చీకటిగదిలోకి వచ్చిన వెంటనే ఒక నిమిషం పాటు ఏమీ చూడలేరు. ఆ నిమిషంలోనే పడేది. ఆ సివిల్ గారు చెప్పిన వరండా ఎండని ఆపడానికే కాదు, కళ్ళు సర్దుకోడానికి కూడా. అక్కడ ఒక బల్ల వెయ్యండి. కూర్చుని చెప్పులు విడిచి లోపలికి రావాలి.

రెండోది, గోడ ఎక్కడ అయిపోయి నేల ఎక్కడ మొదలవుతుందో కనిపించాలి. మా ఇంట్లో గోడా లేత గోధుమే, టైలూ లేత గోధుమే. మామగారు గోడకి గుద్దుకునేవారు. చివరికి గోడ అడుగున నాలుగంగుళాల వెడల్పు ముదురు ఎరుపు పట్టీ వేయించాక తగ్గింది. మన పల్లెల్లో తెల్ల సున్నం గోడకి అడుగున ఎర్రమట్టి పట్టీ పూసేవాళ్ళు చూడండి, అది ఊరికే అందానికి అనుకునేదాన్ని.

నడవాలో చేతిపట్టు పెట్టించండి, స్టీలుది మాత్రం వద్దు. మెరుస్తుంది, చలికాలం చల్లగా ఉండి చెయ్యి వెనక్కి తీసుకుంటారు. మా ఊళ్ళో వీణలు పనసకర్రతో చేస్తారని మీకు తెలిసే ఉంటుంది. ఆ కర్రే అడిగి చేతిపట్టు చేయించాం. చెయ్యి నడిచేకొద్దీ నునుపెక్కి ఇప్పుడు తేనెరంగుకి తిరిగింది. ప్రతి తలుపుకీ ముందు జానెడు దూరంలో దాని కింది వైపు ఒక గాటు పెట్టించాను. స్నానాలగదికి ఒక గాటు, పడకగదికి రెండు. పైకి ఎవరికీ కనిపించదు, మామగారి వేలికి మాత్రం దొరుకుతుంది.

ఇంక తెరల సంగతి. మీ ఊరి తెల్ల ఖద్దరు కన్నా మంచి తెర ఎక్కడుంది? తూర్పు కిటికీకి వేస్తే ఎండ పాలలా మారి వస్తుంది. అమ్మగారు వడికిన నూలు ఇంట్లో ఏమైనా మిగిలుంటే నేయించండి.

టెక్కలి రాతిపని:

నేను పాతికేళ్ళుగా గ్రానైట్ పనిలో ఉన్నాను. నేల గురించి నాలుగు ముక్కలు.

పాలిష్ రాయి ఈ ఇంటికి వద్దు. అది టైల్స్‌కి అన్న. మా దగ్గర దొరికే నీలి గ్రానైట్‌నే మంట పట్టించి గరుకు చేస్తారు, ఫ్లేమ్డ్ అంటారు. మంటకి పైపొర రవ్వలు రవ్వలుగా ఎగిరిపోయి రాయి సన్న ఉప్పుకల్లులా తేలుతుంది. తడిసినా జారదు. వాకిలికీ, స్నానాలగదికీ, పెరటి మెట్లకీ అది వేసుకోండి. కటింగ్ యూనిట్లలో మిగిలిపోయిన ముక్కలుంటాయి, వెళ్ళి ఏరుకుంటే షాపు ధరలో సగం కూడా పడదు. అయితే ఇల్లంతా అదే వెయ్యకండి, పొద్దస్తమానం అరికాలికి గరుకు తగిలితే ముసలి కాళ్ళు ఓర్చుకోలేవు.

హాలుకీ పడకగదికీ ఎర్ర గచ్చు మంచిది. రెడ్ ఆక్సైడ్ రంగు సిమెంటు బస్తాకి ఐదు కిలోలు దాటనివ్వకండి, ఎక్కువైతే పైపొర బలం పోతుంది. నాలుగడుగులకొక గాజుపట్టీ వేసి గడులుగా విడదియ్యాలి, లేకపోతే పగుళ్ళొస్తాయి. వారం రోజులు నీళ్ళు నిలబెట్టాలి. తర్వాత కొబ్బరినూనె గుడ్డతో తుడవాలి. ఇది బాగా చేసే చెయ్యి ఇప్పుడు అరుదు. పని ఒప్పుకున్న మేస్త్రితో ముందు మూడడుగుల ముక్క వేయించి చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

ఒక్క ఇబ్బంది ఉంది. ఎరుపు ముదురు రంగు, వెలుతురు తాగేస్తుంది. గది కొంచెం మసకగా అనిపిస్తుంది.

బొబ్బిలి కోడలు:

అన్నయ్యా, తాగనివ్వండి. నేల ముదురుగా ఉండి గోడలూ పైకప్పూ తెల్లగా ఉంటేనే మాకు పనికొచ్చింది. నేల మెరిసే ఇంట్లో మనిషి నేలనే చూస్తూ నడుస్తాడు.

పొందూరు పిల్ల:

మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. మీరు చెప్పినవన్నీ ఒక్కొక్కటే చేసి చూసి రాద్దామని ఆగాను.

ముందు ప్లాను కొలిచాను. అమ్మ గది కిటికీ 3 బై 4 అనే ఉంది. సివిల్ గారు ఎండ దిగే లెక్క చెప్పిన తీరు కాగితం మీద గీసి ఇంజనీరుగారికి చూపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెన్సిల్ తీసుకుని నడవా కొట్టేసి ఆ చోటే వాకిలి గీశారు. రెయిలింగ్ సంగతి కూడా ఒప్పుకున్నారు.

తర్వాత నేల. టెక్కలి వెళ్ళి ఫ్లేమ్డ్ రాయి ముక్క తెచ్చాను. పాలిష్ ముక్క కూడా ఒకటి తెచ్చాను, తేడా తెలియడానికి. మేస్త్రితో ఎర్ర గచ్చు ముక్క వేయించాను. నాపరాయి ఒకటి, మట్టి పెంకు పలక ఒకటి, షాపువాళ్ళు ఇచ్చిన గరుకు టైలు ఒకటి. ఆరూ పాత ఇంటి అరుగు ముందు వరసగా పరిచి, అమ్మని చెప్పుల్లేకుండా నడవమన్నాను. ఏది ఏమిటో చెప్పలేదు.

పాలిష్ రాయి మీద బొటనవేలు ఆనించి వెంటనే తీసేసింది. "ఇదొద్దే, కాలు నిలవదు" అంది. గరుకు టైలు మీద రెండు సార్లు అటూ ఇటూ కదిపి, "ఇది బొమ్మ గరుకు, అంతా ఒక్క నాగే ఉంది" అంది. నేను వంగి వేలితో రాసి చూశాను. నిజమే, అచ్చు కొట్టినట్టు ఒకే గీత పదేపదే వస్తోంది. నూలులో కౌంటు పట్టే మనిషికి అది తెలియకుండా ఉంటుందా! ఫ్లేమ్డ్ రాయి మీద మాత్రం ఆగి, వంగి, చేత్తో కూడా తడిమింది. గచ్చు మీదకి వచ్చేసరికి అక్కడే కూర్చుండిపోయింది. అరచేతితో గుండ్రంగా నిమురుతూ, "మీ మామ్మ దేవుడి మూల కాడ ఇలాటి గచ్చే ఉండేది. పౌర్ణమికి కొబ్బరినూనె రాయించేది" అంది. నేను పుట్టకముందే ఆ మూల పాడైపోయిందట. నాకు ఇన్నేళ్ళూ ఆ సంగతి తెలీదు.

కాబట్టి హాలు, అమ్మ గది, దేవుడి మూల ఎర్ర గచ్చు. వాకిలి, స్నానాలగది, పెరటి మెట్లు ఫ్లేమ్డ్ రాయి. వంటింటికి నాపరాయి, అది అమ్మే ఎంచుకుంది, చన్నీళ్ళు పడితే కాలికి హాయిగా ఉంటుందని. ఎక్కడ నేల మారుతుందో అక్కడ గడప ఎత్తు లేకుండా పనసకర్ర పట్టీ ఒకటి సమంగా దింపుతున్నాం. వాకిలి నేల అంగుళం దిగుడు, కాలువ, మూత, చుట్టూ అరుగు, రెండు పైపులు, అన్నీ ప్లానులోకి వచ్చాయి. రాజు గారూ, ఆ గొయ్యి మాట మీరు అనకపోతే నేను నిజంగా అడుగు లోతు వాకిలే కట్టేసేదాన్ని. మీ మేలు మర్చిపోను.

బొబ్బిలి అక్కా, మీ గాట్ల సంగతి చదివి వినిపించాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. రాత్రి అన్నాలయ్యాక, "నా గదికి గాటొద్దు. ఆ సొట్ట ఉన్న గోడ ముక్క తీసి అక్కడ పెట్టు" అంది. పాత గోడ మట్టిది, కోసి తీస్తే పొడైపోతుంది. మేస్త్రి ఆ సొట్టలో పిడికిలి పెట్టి చూసి, కొత్త గోడకి సున్నం పచ్చిగా ఉన్నప్పుడు అమ్మగారి చేత్తోనే అదే ఎత్తులో నొక్కిద్దాం అన్నాడు. పాత గోడ మీద ఎత్తు కొలిచి రాసుకున్నాను. నేల నుంచి 21 అంగుళాలు.

తెరకి నూలు ఉంది. అటక మీద డబ్బాలో చిలపలు (నూలు చుట్టలు) దొరికాయి, అమ్మ వడికినవే. నేతగాడి దగ్గరికి తీసుకెళ్ళాను, తూర్పు కిటికీలకి సరిపోతుందట.

ఇంకా ఒకటి అడగాలి. వాకిలి ఉత్తరపు గోడ సున్నపు పూత వానాకాలం నేరుగా తడుస్తుంది. కింది నాలుగడుగులు చెమ్మ ఎక్కి ఊడకుండా పూతకి ముందు ఏమైనా చెయ్యాలా? అమ్మ చెయ్యి ఆనేది ఆ నాలుగడుగుల్లోనే. పునాది పని మాఘమాసంలో మొదలవుతుంది.

టెక్కలి రాతిపని:

చెయ్యాలమ్మా. ఆ గోడకి నేల మట్టాన డీపీసీ, అంటే చెమ్మ పైకి ఎక్కకుండా ఆపే పొర, తప్పకుండా పడాలి. పైన రెయిలింగ్ కింద స్లాబు అంచు నుంచి నీళ్ళు గోడ మీదకి జారకుండా స్లాబు అంచు అడుగున ముక్కుగాడి (నీటిబొట్టు తెగిపడే గాడి) తీయించండి. ఎదురు హద్దుగోడ నెత్తిన కూడా రాతి పలక రెండంగుళాలు ముందుకి వచ్చేలా కప్పించండి. సున్నం మీద ప్లాస్టిక్ పెయింటు మాత్రం ఎవరెన్ని చెప్పినా వెయ్యనివ్వకండి, లోపలి చెమ్మ బయటికి రాలేక పొక్కులు తేలుతుంది. ఏడాదికోసారి సంక్రాంతికి సున్నం కొట్టించుకుంటే చాలు. ఫ్లేమ్డ్ రాయి ఇంకా కొనకపోతే ఆగండి, వచ్చే వారం మీ కొలతలు పంపండి. వాకిలి అరుగుకి అంచు గుండ్రంగా తిప్పిన పలకలు నేనే చూసి పక్కన పెట్టిస్తాను, అమ్మగారి మోకాలికి తగిలేది కదా.